ఈ-టైపా, 911ఆ? బావమరిదితో కలిసి కొనాలా, వద్దా?

బర్మింగ్‌హామ్ దగ్గర ఉండే ఒక పాఠకుడు చాలా పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సారాంశం ఇదీ.

వయసు 47, ఐటీ ఉద్యోగం. అమ్మాయి రెండేళ్లలో యూనివర్సిటీకి వెళ్తుంది, అబ్బాయికి పదకొండేళ్లు. చిన్నప్పుడు రాజమండ్రిలో ఒక పత్రికలో జాగ్వార్ ఈ-టైప్ బొమ్మ చూసినప్పటి నుంచి ఆ కారు మీద మనసు. 45,000 పౌండ్లు దాచారు. బావమరిది (భార్యకి అన్నయ్య, వాళ్ల ఊరికి గంట దూరంలోనే ఉంటారు) ఇంకో 40,000 వేస్తాను, ఇద్దరం కలిసి కొందాం, కానీ జాగ్వార్ వద్దు, పోర్షా 911 కొందాం, దాని విలువే నిలుస్తుంది అంటున్నారట. రెండు కార్లు చూసిపెట్టుకున్నారు. ఒకటి 1966 ఈ-టైప్ 4.2 (ఇంజన్ సైజు, లీటర్లలో) కూపే, అంటే గట్టి పైకప్పు ఉన్న రెండు తలుపుల కారు, ఛాసిస్ నంబరు 1ఈ3తో మొదలవుతుంది, రైట్ హ్యాండ్ డ్రైవ్, తొంభైల్లో రిస్టోర్ చేశారట, అడుగుతున్నది 74,000. రెండోది 1972 నవంబర్‌లో ఇటలీలో రిజిస్టర్ అయిన 911టి 2.4, లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్, ప్రకటనలో ‘ఎస్ స్పెక్’ అని ఉంది, 82,000. ఈ-టైప్ అమ్మేవాడు శుక్రవారంలోగా రెండు వేలు అడ్వాన్స్ పంపమంటున్నాడు. ఇంట్లో మాత్రం ‘ఇరవై వేలలో ఒక పాత కారు’ అని చెప్పారు. గ్యారేజీ లోపలి పొడవు పదహారు అడుగులు. ఏది కొనాలి, ఏది పెరుగుతుంది, బావమరిదితో కలవొచ్చా, ఇంట్లో ఎలా చెప్పాలి, రిటైరయ్యాక కారును ఆంధ్రాకి తెచ్చుకోవచ్చా? ఇవీ ప్రశ్నలు.

అయ్యా, మీ ఉత్తరంలో కారు చిక్కు, ఇంటి చిక్కు ఒకదానిలో ఒకటి చుట్టుకుపోయాయి. కారుది సులువు, దానితో మొదలుపెడదాం. దానికన్నా ముందు, ఆ రెండు వేలు పంపకండి. మనిషి వెళ్లి కారు కిందకి దూరి చూడకుండా ఏ పాత కారుకీ అడ్వాన్స్ ఇవ్వరు. శుక్రవారం దాటితే కారు పోతుందంటే పోనివ్వండి. సిరీస్ 1 (మొదటి రకం, మీరు చూసినది అదే) ఈ-టైపులు బ్రిటన్‌లో ఎప్పుడూ అమ్మకానికి ఉంటూనే ఉంటాయి.

ఏది పెరుగుతుంది అన్నదానికి ఎక్కువ చెప్పేది లేదు. 2010ల మధ్య వరకూ రెండూ బాగా ఎగిశాయి, ఆ తర్వాత చల్లబడ్డాయి. ఈ రెండింటి సంగతీ ఇప్పుడు లోకమంతా తెలుసు, చవగ్గా దొరకడం అయిపోయింది. బ్రిటన్‌లో కార్ల మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు, అది నిజమే. కానీ నష్టమొస్తే చూపించుకోడానికి కూడా లేదు. బీమా, సర్వీసు, విడిభాగాలు కలిపితే ఏడాదికి రెండు మూడు వేల పౌండ్లు తేలిగ్గా పోతాయి. మీ బావమరిది ‘విలువ నిలుస్తుంది’ అన్నప్పుడు ఈ ఖర్చు కూడా లెక్కలోకి తీసుకున్నారా అని అడగండి. లాభం కోసమే అయితే ఈ డబ్బుకి వేరే దారులున్నాయి. నడపాలన్న కోరిక ఉంటేనే మిగతా ఉత్తరం చదవండి.

ఇక ఈ-టైప్. 1961లో జెనీవా మోటార్ షోలో వచ్చినది 3.8. మీరు చూసినది 1964 చివర్లో వచ్చిన 4.2 తరం. పాత కార్లు సేకరించే కలెక్టర్లలో కొందరు మొదటి 3.8లకే ఎక్కువ మోజు పడతారు, తోలడానికి మాత్రం మీరు ఎంచుకున్నదే నయం. 3.8 ఫస్ట్ గేరుకి సింక్రోమెష్ (గేరు గరగరలాడకుండా పడేలా చేసే ఏర్పాటు) లేదు, బ్రేక్ సర్వో (పెడల్ నొక్కుడుకి బలం ఇచ్చేది) అంతంతమాత్రం, సీట్లు గంటకే నడుం పట్టేస్తాయి. 4.2లో నాలుగు గేర్లకీ సింక్రో ఉంది, బ్రేకులు మెరుగుపడ్డాయి, డైనమో పోయి ఆల్టర్నేటర్ వచ్చింది. కంపెనీ చెప్పిన 265 హార్స్‌పవర్ అంకె రెండింటికీ ఒకటే. కానీ 4.2 తక్కువ స్పీడులో ఎక్కువ లాగుతుంది.

ఛాసిస్ నంబరు రాసి చాలా మంచి పని చేశారు. 4.2 కూపేల్లో రైట్ హ్యాండ్ కార్లు 1ఈ20001 నుంచి, లెఫ్ట్ హ్యాండ్ కార్లు 1ఈ30001 నుంచి మొదలయ్యాయి. మీది 1ఈ3 అంటే ఫ్యాక్టరీ నుంచి లెఫ్ట్ హ్యాండ్‌గా వెళ్లి, తర్వాత మార్చిన కారు. చాలావరకు ఇలాంటివి అమెరికా వెళ్లి తిరిగొచ్చినవే. అది తప్పు కాదు. ఎండ రాష్ట్రాల్లో బతికిన బాడీ ఇంగ్లండ్ వర్షాల్లో నానిన బాడీ కన్నా గట్టిగా ఉండొచ్చు. అయితే పుట్టుకతో రైట్ హ్యాండ్ అయిన కారు ధర దీనికి పెట్టకూడదు. ప్రకటనలో ఈ ముక్క లేదంటే, అడిగినప్పుడు అమ్మేవాడు ఏమంటాడో వినండి. ‘తెలీదండీ’ అంటే ఇంకేం దాచాడో అని అనుమానించండి. జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్ సర్టిఫికెట్ తెప్పిస్తే, కారు ఏ తేదీన ఎక్కడికి వెళ్లింది, మొదటి రంగు ఏమిటి, ఇంజన్, గేర్‌బాక్స్, బాడీ నంబర్లు ఏవి అన్నీ ఉంటాయి. ఇంజన్ నంబరు బ్లాక్ కుడివైపు ఆయిల్ ఫిల్టర్ పైన, సిలిండర్ హెడ్ ముందు భాగంలో కొట్టి ఉంటుంది. రెండూ సర్టిఫికెట్‌తో కలవాలి. మార్చిన కారులో వైపర్లు ఏ వైపు తుడుస్తున్నాయో, హెడ్‌లైట్ల డిప్ ఎడమకి పడుతోందో, స్టీరింగ్ ర్యాక్ సరైన వైపుదో చూడాలి.

తుప్పు సంగతి దగ్గర తొందరపడకండి. ఈ కారు మధ్యభాగం రేకుతో చేసిన పెట్టె లాంటిది. దాని ముందు చతురస్రపు గొట్టాలతో కట్టిన ఫ్రేమ్ ఉంటుంది, ఇంజన్, సస్పెన్షన్ దాని మీదే నిలబడతాయి. గొట్టాలు లోపలి నుంచి తుప్పు పడతాయి, పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. చిన్న సుత్తితో మెల్లగా తట్టుకుంటూ వెళ్లాలి. ఖణేల్‌మంటే మంచిదే, మొద్దుగా మోగితే లోపల రేకు పలచబడింది. వెల్డింగు దగ్గర పగుళ్లు ఉన్నా, అతుకు వేసినా ఆ ఫ్రేమ్ మార్చాల్సిందే, బాగు చేయరు. తర్వాత సిల్స్, అంటే తలుపుల కింద ఉండే పెట్టె భాగం. పాత రోజుల్లో కారుకి సరైన ఆధారం ఇవ్వకుండానే సిల్స్ కోసి కొత్తవి వేసేవారు. అప్పుడు నడుము వంగినట్టు బాడీ కుంగుతుంది. తలుపు మూసి చూడండి. వెనక అంచు దగ్గర సందు పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటే ఆ పని జరిగినట్టే. వెనక సస్పెన్షన్ రేడియస్ ఆర్మ్‌లు ఫ్లోర్‌కి బిగించే చోట్లు, స్పేర్ వీలు గుంట, బానెట్ లోపలి అతుకులు, ఇవన్నీ అయస్కాంతంతో చూడాలి. అయస్కాంతం పట్టకపోతే అక్కడ రంగు కింద ఉన్నది పుట్టీ.

‘తొంభైల్లో రిస్టోర్ చేశారు’ అన్న మాటకి విలువ ఎంత? ఫొటోలు, బిల్లులు ఉంటే ఉంది, లేకపోతే లేదు. ముప్పై ఏళ్ల కిందటి పని మళ్లీ చేయాల్సిన వయసుకి వచ్చేసి ఉంటుంది. పూర్తి రిస్టోరేషన్ ఇప్పుడు లక్ష పౌండ్లు సునాయాసంగా దాటుతుంది. అంటే చెడిపోయిన కారును చవగ్గా కొని బాగు చేయించడం కన్నా, బాగున్న కారుకి పదివేలు ఎక్కువ పెట్టడమే చవక.

ఇంజన్ దగ్గర పెద్ద భయం లేదు. ఈ ఎక్స్‌కే ఇంజన్‌ని జాగ్వార్ 1949 నుంచి 1992 దాకా ఏదో ఒక రూపంలో వాడింది, అందుకే ఏ పార్టూ దొరకదన్న బాధ లేదు. బాగా వేడెక్కాక 3000 ఆర్‌పీఎం దగ్గర ఆయిల్ ప్రెషర్ 40 పీఎస్ఐ ఉండాలి. డ్యాష్‌బోర్డు మీటరుకి అబద్ధాలాడే అలవాటు ఉంది. మెకానిక్‌తో వెళ్తే విడి గేజి పెట్టి కొలవమనండి. ఇంజన్ వెనక, క్లచ్ హౌసింగ్ కింద చుక్కలు కారుతుంటే క్రాంక్ (ఇంజన్ ప్రధాన ఇరుసు) వెనక తాడు సీల్ పోయి ఉండొచ్చు. చుక్క చుక్క అయితే అందరిదీ కారుతుంది, భరించొచ్చు. ధారగా అయితే ఇంజన్ దించి, క్రాంక్ బయటికి తీయాలి.

ఈ-టైప్‌లో డబ్బు తినేది పార్టులు కావు, అవి బిగించి ఉన్న చోట్లు. క్లచ్ ప్లేటు ఖరీదు పెద్దదేం కాదు, కానీ అది మార్చాలంటే ఇంజన్, గేర్‌బాక్స్ కలిపి దించాలి. వెనక డిస్క్ బ్రేకులు చక్రాల దగ్గర కాక, డిఫరెన్షియల్‌కి (వెనక చక్రాలకి శక్తిని పంచే గేర్ల పెట్టెకి) ఆనించి లోపల ఉంటాయి. ఆ డిస్కుల వేడికి పక్కనే ఉన్న ఆయిల్ సీళ్లు మాడి, ఆయిల్ డిస్కుల మీద పడుతుంది, బ్రేకు జారుతుంది. సీలు మార్చడానికి వెనక సస్పెన్షన్ పంజరం మొత్తం కిందకి దించాలి. కాబట్టి అమ్మేవాణ్ణి మొదట అడగాల్సింది, ఈ రెండు పనులూ చివరిసారి ఎప్పుడు చేశారు, బిల్లు ఉందా అని. ఈ రెండు బిల్లులూ చూపిస్తే ధరలో నాలుగైదు వేలు ఎక్కువైనా తప్పు లేదు.

ఇప్పుడు 911. దీనికి భాష వేరు. పార్టులు ఖరీదు, కానీ చేతికి అందుతాయి. ఇంజన్ దించడం జాగ్వార్ అంత యాతన కాదు, కానీ దించిన తర్వాత ఇంజన్ విప్పితే పదిహేను వేల పౌండ్లకి తక్కువ లెక్క వేసుకోవద్దు.

ముందు ఇది ఏ మోడలో తేల్చాలి. 1972 నవంబర్‌లో రిజిస్టర్ అయిందంటే అది దాదాపు 1973 మోడల్ అయి ఉంటుంది, ఎందుకంటే పోర్షా మోడల్ సంవత్సరం వేసవి సెలవుల తర్వాత మారేది. ఛాసిస్ నంబరులో నాలుగో అంకె చూడండి. 2 అయితే 72 మోడల్, 3 అయితే 73 మోడల్. ఒక సరదా తేడా ఉంది. 72 మోడల్‌లో మాత్రమే కుడి తలుపు వెనక, బాడీ బయట, ఇంజన్ ఆయిల్ పోసే చిన్న మూత ఉంటుంది. పెట్రోలు బంకుల్లో పనివాళ్లు అది పెట్రోలు మూత అనుకుని ఆయిల్ ట్యాంకులో పెట్రోలు పోసేస్తుంటే, మరుసటి ఏడాదే దాన్ని తీసేశారు. నంబరు 72 అంటూ మూత లేకపోతే కుడివైపు వెనక బాడీ ఎప్పుడో గుద్దుకుని మార్చారని అర్థం. నంబరు 73 అంటూ మూత ఉన్నా అంతే, ఏదో వేరే కారు ముక్క అతికించారు.

‘ఎస్ స్పెక్’ అన్న మాట దగ్గర కళ్లు తెరవండి. ఆ నంబరులోనే ఐదో అంకె ఇంజన్ రకం చెబుతుంది. 3 అయితే నిజమైన 911ఎస్. యూరప్ 911టికి 5 ఉంటుంది. ఆరో అంకె 0 అయితే కూపే, 1 అయితే టార్గా (పైకప్పు ఊడదీయగలిగేది). ఎస్‌కి ఫ్యాక్టరీ నుంచి 190 హార్స్‌పవర్, టికి 130. నిజమైన 911ఎస్, 911టి కన్నా చాలా ఎక్కువ ధర పలుకుతుంది, అందుకే ముందు స్పాయిలర్, ఫుక్స్ అలాయ్ చక్రాలు, బ్యాడ్జి తగిలించి టిలను ఎస్‌లుగా అలంకరిస్తుంటారు. అలంకారానికి తప్పు లేదు, దానికి డబ్బు ఇవ్వడమే తప్పు. టిగా కొనండి, టి ధరకే కొనండి. ఇంజన్ నంబరు, గేర్‌బాక్స్ నంబరు ఫొటో తీసి పోర్షా నుంచి వచ్చే సర్టిఫికెట్‌తో పోల్చుకోండి.

తుప్పు వీటికీ బాగానే పడుతుంది. బాడీ మొత్తం జింక్ పూత రేకుతో చేయడం 1976 మోడల్ నుంచే మొదలైంది. 1969 నుంచి 73 దాకా బ్యాటరీలు రెండు. ముందు మూలల్లో, హెడ్‌లైట్ల వెనక చెరొకటి ఉండేవి. కారిన యాసిడ్ ఆ పెట్టెల అడుగుని తినేస్తుంది. ముందు బూట్‌లో కార్పెట్ ఎత్తి చూడండి. కొత్త నల్ల రంగు దట్టంగా పూసి ఉంటే సంతోషించకండి, స్క్రూడ్రైవర్ పిడితో నొక్కి చూడండి. పెట్రోలు ట్యాంకు కింద, ముందు సస్పెన్షన్ బిగించే రేకు, తలుపు వెనక స్తంభం అడుగు, జాకీ పెట్టే చోట్లు, వెనక టార్షన్ బార్ (స్ప్రింగులా పనిచేసే కడ్డీ) గొట్టం చివరలు, ఇవే మిగతా రోగాలు. టార్షన్ బార్ గొట్టం పోయిందంటే వెనక చక్రాలు పట్టుకుని ఉన్నదే పోయినట్టు.

ఆయిల్ చూసే పద్ధతి తెలియక చాలామంది ఈ ఇంజన్లని పాడుచేస్తారు. ఇందులో ఆయిల్ ఇంజన్ కింద కాక వేరే ట్యాంకులో ఉంటుంది, మొత్తం తొమ్మిది లీటర్ల పైమాటే. ఇంజన్ బాగా వేడెక్కి, కారు సమతలం మీద నిలబడి, ఇంజన్ ఐడిల్‌లో నడుస్తుండగా కడ్డీ చూడాలి. చల్లగా చూస్తే తక్కువ అనిపిస్తుంది, పోసేస్తారు, ఎక్కువైనది గాలి గొట్టాల గుండా కార్బ్యురేటర్లలోకి వెళ్లి పొగ మొదలవుతుంది. అమ్మేవాణ్ణి మీ ముందు ఆయిల్ చూపించమనండి. చల్లని ఇంజన్ మీద కడ్డీ లాగితే ఆ కారును ఎంత బాగా చూసుకున్నాడో తెలిసిపోతుంది. రాత్రంతా నిలబడిన తర్వాత స్టార్ట్ చేస్తే ఒక్క గుప్పెడు నీలం పొగ రావడం మామూలే, ఆగకుండా వస్తే కాదు. అలా స్టార్ట్ చేసినప్పుడు చెయిన్ గలగలలాడి ఆగకపోతే దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్లు పోతున్నాయి. టెన్షనర్ విరిగితే వాల్వులు పిస్టన్లని తాకుతాయి. తర్వాతి కాలంలో వచ్చిన ఆయిల్ ప్రెషర్ టెన్షనర్లు వేయించి ఉంటే ఒక చింత తీరినట్టే. అప్పటి క్రాంక్‌కేసు (ఇంజన్ బయటి పెట్టె) మెగ్నీషియంతో చేసింది, సిలిండర్ హెడ్ స్టడ్లు (బిగించే కడ్డీలు) అందులోంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది. తర్వాతి 2.7 ఇంజన్లలో ఉన్నంత దారుణంగా కాదు గానీ, ఇంజన్ విప్పినప్పుడు స్టీలు ఇన్సర్టులు వేయించారా అని బిల్లులో వెతకండి. లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్లలోకి గాలి పంపి ఎంత కారుతోందో చూడడం) తప్పనిసరి. ఆరు సిలిండర్లలో ఏదైనా పది శాతం దాటి గాలి వదిలేస్తే బేరం మళ్లీ మొదటి నుంచి.

నడపడం గురించి మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. లెఫ్ట్ హ్యాండ్ కారులో ఇంగ్లండ్ పల్లె రోడ్ల మీద లారీని దాటడం ప్రతిసారీ పక్క సీటువాళ్ల సాయంతోనే. 911లో వెనక రెండు చిన్న సీట్లున్నాయి, మీ అబ్బాయి ఇంకో రెండు మూడేళ్లు పట్టేస్తాడు. ఈ-టైప్ కూపేలో ఇద్దరికే చోటు, ఆదివారం సాయంత్రం నలుగురూ కలిసి వెళ్లడం కుదరదు. ఇంట్లో వాళ్ల మనసు గెలుచుకునే విషయంలో ఇది చిన్న తేడా కాదు. 1966లోనే జాగ్వార్ నాలుగు సీట్ల 2+2 తెచ్చింది. చక్రాల మధ్య దూరం తొమ్మిది అంగుళాలు పెంచారు. చూపులకి రెండు సీట్ల కూపే అంత నాజూగ్గా ఉండదని కలెక్టర్లు దాన్ని చిన్నచూపు చూస్తారు, అందుకే చాలా తక్కువకి దొరుకుతుంది.

మీ గ్యారేజీ పదహారు అడుగులు. ఈ-టైప్ కూపే పద్నాలుగున్నర పైన. దూరుతుంది. కానీ దాని బానెట్ ముందు ముక్కు దగ్గర కీలు మీద ముందుకు వాలుతుంది, అప్పుడు ఇంకా చోటు కావాలి. అంటే ఆయిల్ చూడాలన్నా కారును బయటికి తోయాలి, లేదా వెనక్కి తోలి లోపల పెట్టి షట్టర్ ఎత్తుకోవాలి. 2+2 అయితే పదిహేను అడుగులు దాటుతుంది, షట్టర్ వేశాక మీరు బయటికి రావడమే కష్టం. 911 పద్నాలుగు అడుగుల లోపే, ఇంజన్ వెనక ఉంటుంది.

ఇక ఇంటి సంగతి.

మీ బావమరిది మంచివారని రాశారు, నిజమే కావచ్చు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందనే సామెత మంచివాళ్లు లేక పుట్టింది కాదు. చెడిపోయినప్పుడు ఎవరు చూసుకోవాలో తేలక పుట్టింది. బ్రిటన్‌లో వీ5సీ (కారు రిజిస్ట్రేషన్) పత్రం మీద ఉండే పేరు కారును చూసుకునేవాడిది మాత్రమే, ఆస్తి ఎవరిదో అది చెప్పదు. అందులో ఒక్క పేరే ఉంటుంది. అది మీ పేరైతే, ఆయన 40,000కి ఆధారం బ్యాంకు బదిలీ తప్ప ఇంకేమీ లేదు. ఆయన పేరైతే మీ 45,000 పరిస్థితి అదే. ఈ సంగతి ఇద్దరూ ఆలోచించలేదని మీ ఉత్తరం చూస్తే అర్థమవుతోంది.

కలిసి కొనాలంటే రెండు పేజీల కాగితం రాసుకోండి. ఎవరి వాటా ఎంత, కారు ఎవరి గ్యారేజీలో ఉంటుంది, సర్వీసు ఖర్చు వాటాల ప్రకారమా సగం సగమా, ఒకరి చేతిలో గుద్దుకుంటే బీమా ఇవ్వని మొత్తం ఎవరిది, ఎంత ఖర్చు దాటితే రెండోవారి సమ్మతి కావాలి (వెయ్యి పౌండ్లు పెట్టుకోవచ్చు), ఒకరు బయటికి పోవాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, ధర ఎవరు కడతారు. బీమా క్లాసిక్ కార్ల కంపెనీ దగ్గర ‘అగ్రీడ్ వాల్యూ’ (ముందే ఒప్పుకున్న ధర) మీద, ఇద్దరి పేర్లూ డ్రైవర్లుగా పెట్టి తీసుకోండి. మామూలు బీమాలో ప్రమాదం జరిగితే మార్కెట్ ధర మీద వాదన తప్పదు. ఈ కాగితం ముందు పెట్టినప్పుడు మీ బావమరిది నొచ్చుకుంటే, ఇప్పుడే నొచ్చుకోనివ్వండి. రేపు పదిహేను వేల ఇంజన్ బిల్లు వచ్చినప్పుడు అదే మాట అడగడం ఇంకా కష్టం, అప్పుడు మధ్యలో నలిగేది మీ ఆవిడ. ఆవిడకి అటు అన్న, ఇటు మీరు.

అందుకే ఆవిడకి ఇరవై వేలని చెప్పడం దగ్గరే ఇదంతా మెలిపడింది. కారు ఇష్టం మీద ఆవిడకి కోపం రాకపోవచ్చు. కానీ అన్నయ్యకి అసలు అంకె తెలిసి, తనకి తెలియకపోవడం మీద వస్తుంది. అది ఎప్పటికైనా ఆయన నోటే బయటపడుతుంది. ఏ కారూ చూడ్డానికి వెళ్లకముందే, మొత్తం అంకె, ఏటా అయ్యే ఖర్చు, అమ్మాయి చదువుకి విడిగా పెట్టినది ఎంత, మూడూ ఒకే కాగితం మీద రాసి ఆవిడ ముందు పెట్టండి. మూడో అంకె ఖాళీగా ఉంటే ఈ ఏడాది కారు మాట ఎత్తకపోవడమే మంచిది.

ఆ తర్వాత మీ ముందు నాలుగు దారులు కనిపిస్తున్నాయి.

ఒంటరిగా, మీ 45,000లోనే కొనడం ఒకటి. అందులో ఏడెనిమిది వేలు మొదటి ఏడాది మరమ్మతులకి పక్కన పెడితే చేతిలో ఉండేది 37,000 దాకా. దానికి మంచి సిరీస్ 1 కూపే రాదు. సిరీస్ 2 (తర్వాతి రకం), లేదా 2+2 కోసం ఓపిగ్గా వెతికితే దగ్గరికి రావచ్చు, అతుకుల కార్లు ఎక్కువ కనిపిస్తాయి. పోర్షా వైపైతే 1978 నుంచి 83 దాకా వచ్చిన 911 ఎస్‌సీ ఉంది. జింక్ పూత బాడీ, అల్యూమినియం క్రాంక్‌కేసు, మూడు లీటర్ల ఇంజన్, రైట్ హ్యాండ్ కార్లు సమృద్ధిగా దొరుకుతాయి. కలెక్టర్ల గొప్పతనం తక్కువ, రోజూ తోలే సుఖం ఎక్కువ. ఇంటి గొడవ అసలు లేని దారి ఇదే. అయితే మీ కల ఈ-టైప్ అయితే ఎస్‌సీ కొని దాన్ని చూసినప్పుడల్లా నిట్టూర్చడం కూడా ఖర్చే.

రెండోది, కాగితం రాసుకుని బావమరిదితో కలిసి ఆ 911టి. ఆయనకి ఇష్టమైన కారు, మీకు రెండో ఇష్టం. గ్యారేజీకి సరిపోతుంది. లెఫ్ట్ హ్యాండ్ కారు, టి ధరకి కొంటేనే కొనదగ్గది, 82,000 పెడితే రిపేరుకి మీ ఇద్దరి దగ్గరా కలిపి మూడు వేలే మిగులుతాయి. అది చాలదు. ధర 75,000 దగ్గరికి దిగితేనే బేరం.

మూడోది, కలిసి ఈ-టైప్. బావమరిది మనసు దాని మీద లేదు, మొదటి పెద్ద బిల్లుకే ‘నేను అప్పుడే చెప్పాను’ అనే మాట వస్తుంది. ఆయన అలాంటివారు కాదని మీకు గట్టి నమ్మకం ఉంటేనే.

నాలుగోది, ఏడాది, ఏడాదిన్నర ఆగడం. అమ్మాయి చదువు ఖర్చు తేలుతుంది, మీ డబ్బు పెరుగుతుంది. ఈ లోపు ఏదో ఒక ఓనర్స్ క్లబ్‌లో చేరి, రెండు కార్లలోనూ పక్క సీట్లో కూర్చుని తిరగొచ్చు, అద్దెకి తీసుకుని ఒక్కో రోజు తోలి చూడొచ్చు. ఈ-టైప్ వేసవి ట్రాఫిక్‌లో ఎలా వేడెక్కుతుందో, 911 క్యాబిన్‌లో హీటర్ వేస్తే ఆయిల్ వాసన ఎలా కొడుతుందో చదివితే తెలిసేవి కావు. నాకైతే మీ పరిస్థితికి ఈ దారి దగ్గరగా అనిపిస్తోంది. మిగతా మూడూ తప్పని మాత్రం అనను.

ఏది కొన్నా, నలభై ఏళ్లు దాటిన కారు కాబట్టి చారిత్రక వాహనంగా నమోదు చేయిస్తే రోడ్ ట్యాక్స్ ఉండదు, బర్మింగ్‌హామ్ క్లీన్ ఎయిర్ చార్జీ పడదు. పెద్ద మార్పులు చేయని కారుకి ఎంఓటీ (ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష) కూడా తప్పనిసరి కాదు. అయినా ఏటా చేయించండి, యాభై అరవై పౌండ్లకి ఇంకో మనిషి కారు కింద చూసినట్టవుతుంది. పెట్రోలు ఈ5 సూపర్ (ఇథనాల్ తక్కువ ఉన్నది) మాత్రమే పోయండి. మామూలు బంకుల్లో వచ్చే ఈ10లోని ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలని మెత్తబరుస్తుంది, 911లో ఆ గొట్టాలు వేడి ఇంజన్ పక్కనే ఉంటాయి. ఏ కారైనా కొన్న వారంలోనే వాటన్నిటినీ మార్చేయండి, వందల పౌండ్లలోనే అయిపోతుంది.

ఆంధ్రాకి తెచ్చుకోవడం గురించి. 2021 నుంచి యాభై ఏళ్లు దాటిన కార్లకి మన దగ్గర ‘వీఏ’ సిరీస్ నంబరుతో వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. ఫీజు ఇరవై వేల రూపాయలు, పదేళ్ల చెల్లుబాటు. రోజువారీ వాడకానికి పనికిరాదు, ప్రదర్శనలకి, ర్యాలీలకి తిప్పుకోవచ్చు. అంతవరకూ బాగానే ఉంది. అసలు అడ్డు దిగుమతి నిబంధనలు, కస్టమ్స్ సుంకాలు. ఆ లెక్క మీరు రిటైరయ్యే ఏడాది నిబంధనల మీద ఆధారపడి ఉంటుంది, ఇప్పుడు దాన్ని నమ్ముకుని లెఫ్ట్ హ్యాండ్, రైట్ హ్యాండ్ ఎంచుకోకండి. పైగా ఈ-టైప్ సీళ్లు మార్చగల మెకానిక్ బర్మింగ్‌హామ్ చుట్టూ పది మంది దొరుకుతారు, రాజమండ్రిలో ఒక్కరిని వెతకాలన్నా కష్టమే. అక్కడే తోలి, అక్కడే అమ్మేసి రావడం మీద ప్లాన్ వేసుకోండి.